అరవై అయిదో టోకెను

ఏడో లైను, చాంపియన్ రీఫ్స్, కె.జి.ఎఫ్.
9 జూన్ 2014

రత్నమ్మకు తాత రాసేది,

పోయిన వారం నువ్వు బెంగుళూరు నుంచి తెచ్చిన బిస్కెట్లు మంచివి కావు. టీలో ముంచి ఎత్తేలోపల సగం ఊడి అడుగున పడిపోతాది. మూడు దినాలుగా స్పూను పెట్టి తవ్వుతా ఉండాను. ముప్పై ఒక్క ఏండ్లు గనిలో బంగారం తవ్వినోణ్ణి, ఇప్పుడు గ్లాసులో బిస్కెట్టు తవ్వుకుంటా ఉండాను. డబ్బా మాత్రం బాగుండాది. దాంట్లో చింతపండు పోస్తానని మీ అవ్వ అడిగితే ఇయ్యలేదు. డబ్బా మీద దొరసాని బొమ్మ నన్ను చూసి నవ్వుతాది. మీ అవ్వ నవ్వదు.

ఫోను చేయొద్దు. డ్రిల్లు మిషను తినేసిన చెవులు ఇవి. నువ్వు ఆ పక్క ఏడ్చినా నవ్వినా నాకు ఈగ గుయ్‌మన్నట్టే ఉంటాది. జాబు రాయి.

ఇంగ సంగతి. గని మట్టి పోసిన సైనైడు దిబ్బ పక్కన బెంగుళూరు చెత్తను కాల్చి కరెంటు తీసే ఫ్యాక్టరీ పెడతారంటే నవ్వుకున్నాము గదా. ఇప్పుడు నవ్వు రాలేదు. ఆ కరెంటును బేతమంగళకు తీసకపోను పెద్ద టవర్లు నిలబెట్టి తంతి లాగుతారంట. కంపెనీవాళ్ళు కరెంటు కమిషన్‌కు అర్జీ పెట్టినారు, యూనిట్టుకు ఎంత రేటు ఇస్తారు, తంతి యాడ పోవాల అని. పిల్లప్ప టీ అంగట్లో కన్నడ పేపరు చదివి వినిపించినాడు. ఎవురికైనా ఆక్షేపణ ఉంటే ముప్పై దినాల్లో రాయాలంట.

తంతి మన ఏడో లైను ఇండ్ల నెత్తిమీదనే పోతాది. ఒక టవరు కాలు మన కొళాయి పక్కనే. పటంలో మన లైను ఉండే తావున ఏం రాసినారో తెలుసునా? 'జనం లేని పాత క్వార్టర్సు'.

నేను లేనంట! మీ అవ్వకు చెప్తే, "అట్లనా, అందుకే నీళ్ళు పట్టేది ఎప్పుడూ నేనొక్కదాన్నే" అనింది.

ఇది ఎట్ల జరిగిందంటే, జనవరిలో సర్వే సారు పగలు పదకొండు గంటలకు వచ్చినాడు. అరవై నాలుగు ఇండ్లకూ బీగాలు. గని మూసినప్పటినుంచి లైనంతా తెల్లారే బండికి బెంగుళూరు పనికి పోయి పొద్దు మునిగినాక వస్తాదని ఆయనకేం తెలుసు! పగలు ఉండే మేము ఇద్దరమూ ఆ దినం క్యాసంబళ్ళికి పెండ్లికి పోయుంటిమి. బీగాలు చూసి జనం లేరని రాసుకున్నాడు. జనం లేరంటే ఇంగ ఎవుర్నీ అడగబన్లేదు, పరిహారం ఇయ్యబన్లేదు. బుల్డోజరు వచ్చి తుడిచేస్తాది.

నువ్వు పని చేసేది ఆ కమిషన్‌లోనే గదా. మీ దొర చెవిలో ఒక మాట వేసేయ్. పని అయిపోతాది.

బిస్కెట్టు తవ్వే తాత,
ఈశ్వరప్ప


బెంగుళూరు
14 జూన్ 2014

తాతకు, అవ్వకు నమస్కారాలు.

బిస్కెట్లు నేను ఏరి కొన్నవి కావు తాతా, మా ఆఫీసులో అందరికీ పంచినవి. ఇకనుంచి ముంచకుండా తిను.

నీ జాబు చదివి రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. నేను ఎవరి చెవిలోనూ మాట వేయలేను. కమిషన్ అంటే కోర్టు లాంటిది. కంపెనీ చెప్పేది వింటుంది, జనం చెప్పేదీ వింటుంది, ఇద్దరిదీ కాగితం మీదే వింటుంది. నేను ఇన్‌వార్డు సెక్షన్‌లో కూర్చుని వచ్చిన కాగితాలకు నంబర్లు వేసే దాన్ని. మా తాత ఇల్లు అని నేను నోరు తెరిస్తే, రేపు కంపెనీ వకీలు అదే మాట పట్టుకుంటాడు. అప్పుడు మీ అరవై నాలుగు ఇళ్ళ కేసూ చెడిపోతుంది.

అందరికీ చెప్పే మాటలే నీకూ చెబుతున్నాను. ఆక్షేపణ జులై 10 లోపల మాకు చేరాలి. ఆరు ప్రతులు ఉండాలి. చెప్పింది నిజమని నోటరీ ముందు ప్రమాణ పత్రం చేయాలి. జులై 24న బహిరంగ విచారణ ఉంటుంది, ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. 'మేము ఉన్నాము' అని రాస్తే సరిపోదు, ఉన్నట్టు ఆధారం చూపించాలి. ఓటరు కార్డులు చాలామందివి ఇంకా పాత అడ్రసుల్లోనే ఉన్నాయని నాకు తెలుసు. వేరే ఏదైనా ఆలోచించండి.

ఒక్క మాట. అర్జీలో ఎగతాళి రాయకు. నీ సంగతి నాకు తెలుసు.

అవ్వ మోకాలు ఎలా ఉంది?

రత్న


ఏడో లైను
28 జూన్ 2014

కాగితాలకు నంబర్లు వేసే రత్నమ్మకు,

మీ అవ్వ మోకాలు బాగుండాది. నోరు ఇంగా బాగుండాది.

నువ్వు చెప్పినట్టే అంతా చేసేసినాము. ఆరు ప్రతులు అన్నావు గదా, ఆరుగురిని కూచోబెట్టి ఆరు రాయించినాను. జెరాక్సు వేస్తే ఒకడే రాసినాడు అనుకుంటారు. లైనంతా రాసినట్టు ఉండాల గదా! నేను చెప్పింది చెప్పినట్టు రాయండప్పా అన్నాను. రాసినారు. రాసినాక ఒగొగరు తమ సంగతి కూడా చేర్చుకున్నారు. చౌడప్ప తన బర్రెకు ఆ తంతి కింద పాలు ఇగిరిపోతాయా అని అడిగినాడు. సుబ్బరాయప్ప రేషను కార్డులో తన పెండ్లాం పేరు తప్పు పడిందని రాసినాడు. అడిగితే, "ఎట్లా పంపతా ఉండాము గదా, అది కూడా పోనీలే" అన్నాడు.

నేను చెప్పింది ఇంతే. ఒకటి, మేము ఉండాము. రెండు, బెంగుళూరు చెత్తలో ఇడ్లీ, సాంబారు, అరటాకు, కొబ్బరిబోండాం అంతా నీళ్ళే. తడి కట్టెతో మీ అవ్వ పొయ్యి ముట్టించాలంటే సగం సీసా కిరసనాయిలు పోస్తాది. తడి చెత్త మండాలంటే దాంట్లో ఎంత బొగ్గు వేస్తారు, ఆ బొగ్గు ఖర్చు మా బిల్లులో ఎంత వేస్తారు, ఆ లెక్క అర్జీలో యాడ ఉండాది? మూడు, తంతి దిబ్బ ఎనకాల నుంచి తీసకపోతే ఒక్క ఇల్లూ అడ్డం రాదు. ఆడ నక్కలు కూడా ఉండవు. చూసుకోండి.

ఎగతాళి లేదు. కిరసనాయిలు మాట నిజమే.

ఆధారం అడిగినావు. దానికి నాకు బుద్ధి తోచింది. గనిలో దిగేటప్పుడు టైమాఫీసులో మనిషికి ఒక ఇత్తడి టోకెను ఇస్తారు, నంబరు వేసింది. పైకి వచ్చినాక తిరిగి ఇస్తే బోర్డులో మేకుకు తగిలిస్తారు. మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంగా కిందే ఉండాడని లెక్క. ఆ మేకు నిండేవరకు షాఫ్టు మూసేది లేదు. దొర చెప్పినా మూయరు. కనపడని మనిషిని లేడు అనకూడదు అని గని మాకు నేర్పింది అదొక్కటే. సర్వే సారుకు ఎవురూ నేర్పలేదు.

అందుకే మన వరండాలో బోర్డు పెట్టినాను. అరవై నాలుగు మేకులు, ఇంటికి ఒకటి. నీ బిస్కెట్టు డబ్బా కోసి, చాలకపోతే పాలపొడి డబ్బాలు కోసి, టోకెన్లు చేసినాను. కొన్నిటి మీద దొరసాని ముక్కు, కొన్నిటి మీద చెవి పడింది. మీ అవ్వ చూసి, "చింతపండుకు ఇయ్యలేదు, ఇప్పుడు కత్తెరకు ఇచ్చినావు" అనింది. తెల్లారే బండికి పోయేవాళ్ళు టోకెను తీసుకుని పుస్తకంలో పేరు రాసి సంతకం చేసి పోతారు. వచ్చినాక తగిలిస్తారు. మొదటి దినం సిగ్గుపడినారు. మూడో దినం నుంచి టోకెను మర్చిపోతే దారిలో నుంచి తిరిగి వస్తా ఉండారు. ముత్యాలప్ప ఉద్యోగం చేసేది బెంగుళూరులో సబ్బుల అంగట్లో. వాడు టోకెను తీసుకుని, "మామా, నేను మూడో లెవల్‌కు దిగతా ఉండాను" అంటాడు.

నిన్న సర్వే సారు మళ్ళా వచ్చినాడు, రాళ్ళు పాతను. పేరు సుధీంద్ర. మంచోడే పాపం. ఎండలో వచ్చినాడని మీ అవ్వ టీ ఇచ్చింది. బిస్కెట్టు ముంచినాడు, ఊడి పడిపోయింది. ఆయనా తవ్వుకున్నాడు.

తాత


ఏడో లైను
5 జులై 2014

మాన్యురాలైన రత్న మేడం గారి దివ్య సముఖమునకు,

మీ ఆఫీసు నుంచి జాబు వచ్చినది. కన్నడంలో టైపు చేసినది. మొదట్లో నన్ను 'మాన్యరే' అన్నారు. నాకు డెబ్బై మూడేండ్లు. మిమ్మల్ని భుజం మీద ఎత్తుకుని గని సైరను వినిపించినోణ్ణి. మీరు నన్ను 'మాన్యరే' అన్నారు. సంతోషం.

తరువాత, ఆరు ప్రతులు ఒకే రకంగా లేవు, పశువు సంగతి, రేషను కార్డు సంగతి ఈ కమిషన్ చూడదు, అయిదు దినాల్లో సరిచేయకపోతే తోసేస్తాము అని రాసినారు. కింద మీ సంతకము. చక్కగా ఉండాది. ఆ సంతకము నేర్పింది మీ అవ్వ పలక మీద.

ఇంగొకటి. మన లైను అంజినప్ప పని మీద మీ ఆఫీసుకు వచ్చి, మా ఫైలు యాడుందని అడిగితే, "ఆ ఫైలు రత్న మేడం చూడరు, వద్దని వేరేవాళ్ళకు ఇచ్చేసినారు" అన్నారంట. అది విని మీ అవ్వ అన్నం తినలేదు.

ఇట్లు తమ విధేయుడు,
ఆక్షేపణదారు ఈశ్వరప్ప


బెంగుళూరు
8 జులై 2014

తాతా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ముందు అవ్వకు ఇది చదివి వినిపించి అన్నం పెట్టు.

'మాన్యరే' అని నిన్ను ప్రత్యేకంగా అనలేదు. వచ్చే ప్రతి కాగితానికీ అదే జవాబు, అదే అచ్చు. కంపెనీ ఎండీకి వెళ్ళే జాబులో కూడా అదే మాట ఉంటుంది. నిన్నూ ఆయన్నూ ఒకేలా పిలిచే చోటు ఇదొక్కటే అనుకుని సంతోషపడు.

ఫైలు నేను వద్దన్న మాట నిజం. నీ ఆరు ప్రతులు నా టేబుల్ మీదికే వచ్చాయి. చౌడప్ప మామ రాత చూడగానే గుర్తుపట్టాను. నంబరు వేసి, తప్పులున్న ప్రతి కాగితానికీ పంపే జాబు పంపాను. ఆ వెంటనే మా సూపరింటెండెంట్ జలజ మేడం దగ్గరికి వెళ్ళి, ఇది మా తాత, ఇకమీద ఈ ఫైలు నాకు వద్దు అని రాతపూర్వకంగా ఇచ్చాను. అలా ఇవ్వకపోతే మీ గెలుపు కూడా గెలుపు కాకుండా పోయేది. నిన్ను వదిలించుకోవడానికి కాదు తాతా.

ఆరుగురి చేతా రాయించు, తప్పులేదు. కానీ అక్షరం తేడా లేకుండా రాయించు. బర్రె సంగతి వద్దు. సుబ్బరాయప్ప తాత రేషను కార్డుకు తహసీల్దారు ఆఫీసు వేరే ఉంది.

టోకెన్ల పుస్తకాన్ని ప్రమాణ పత్రంతో జతచెయ్యి. అది మాత్రం నాకు తోచి ఉండేది కాదు.

రత్న


ఏడో లైను
19 జులై 2014

రత్నమ్మకు,

అన్నం తినింది. రెండు సార్లు తినింది.

కాగితాలు సరిచేసి నేనే బండెక్కి వచ్చి గడువు లోపల ఇచ్చి పోయినాను. నువ్వు సెలవులో ఉండావని చెప్పినారు. నిజమో, దాక్కున్నావో నేను అడగలేదు.

కంపెనీవాళ్ళ జవాబు నకలు నాకు పంపినారు. ఇంగ్లీషులో ఉంటే పిల్లప్ప కొడుకుతో చదివించుకున్నాను. ఇండ్లు అరవై నాలుగు, పుస్తకంలో పేర్లు అరవై అయిదు, ఆ ఒకడు జూన్ 27న టోకెను తీసుకుని ఇంతవరకు తిరిగి రాలేదు, సంతకం కూడా అర్థం కాలేదు, కాబట్టి పుస్తకం అంతా కట్టుకథ అని రాసినారు. ఇంగ లైనులో అందరూ నన్ను అడగతా ఉండారు. నేను చెప్పలేదు.

పన్లేదులే. విచారణకు పదిమందిమి వస్తా ఉండాము. పని మానుకుని వస్తారు పాపం.

తాత


బెంగుళూరు
21 జులై 2014

తాతా,

అరవై అయిదో మనిషి ఎవరు? నాకు చెప్పకపోయినా పరవాలేదు, విచారణలో అడిగితే మాత్రం నిజం చెప్పు. నీకు నవ్వులాటగా ఉంటుంది. ఒక్క దొంగ సంతకం తేలితే మిగతా అరవై నాలుగు సంతకాలనూ ఎవరూ నమ్మరు. ముప్పై రోజులు ఆ టోకెన్లు పట్టుకుని తిరిగిన వాళ్ళ ఇళ్ళు పోతాయి. నువ్వు కావాలని ఎక్కించిన పేరైతే ఇప్పుడే కొట్టేయించు.

నాకు భయంగా ఉంది.

రత్న


ఏడో లైను
26 జులై 2014

రత్నకు,

పోయి వచ్చినాము. నువ్వు రాసిన జాబు నేను బండెక్కినాక ఇంటికి వచ్చిందంట, ఇప్పుడు చదివినాను. దొంగ సంతకం నేను పెట్టలేదు. అంతే చెప్తాను.

పెద్ద హాలు. ఫ్యాన్లు మంచివి. నన్ను పిలిచినప్పుడు టోకెన్ల గోనె తీసుకపోయి కమిషన్ మెంబరు సార్ల ముందర టేబుల్ మీద గుమ్మరించినాను. "ఇవి ఈ దినం బండికి పోకుండా నాతో వచ్చినవాళ్ళవీ, సెలవు పెట్టినవాళ్ళవీ సార్. మిగతా మేకులు ఖాళీ. వాళ్ళు పనిలో ఉండారు. బీగం పడితే మనిషి లేడని కాదు, కిందికి దిగినాడని" అన్నాను. గనిలో టోకెను సంగతంతా చెప్పినాను. మెంబరు సారు ఏదో అడిగినాడు. నాకు వినపళ్ళేదు. పిల్లప్ప నా చెవిలో, "అరవై అయిదో ఆయన యాడ అని అడగతా ఉండారు" అని అరిచినాడు. "ఆయన ఇంగా కిందే ఉండాడు సార్" అన్నాను.

హాలంతా నవ్వింది. మెంబరు సారు నవ్వినాడు. నేను ఎనక్కి చూస్తే కడాన నువ్వు కూచోని ఉండావు. తల దించేసుకున్నావు. నేను ఇంగ ఆడ ఉండలేదు. తరువాత ఏం మాట్లాడినారో నాకు తెలీదు. పిల్లప్ప ఏందో చెప్పబోతే వద్దన్నాను.

ముసలోడు వచ్చి డబ్బా మూతలు గుమ్మరించి పోయినాడు, అంతేలే. బేజారు పడొద్దు. నాకేమీ బేజారు లేదు.

ఈశ్వరప్ప


బెంగుళూరు
30 జులై 2014

తాతా,

నువ్వు అరగంట ముందే లేచి వెళ్ళిపోయావు. పిల్లప్ప మామ చెప్పబోతే వినలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆ హాల్లో అందరి ముందూ జరిగిందే ఇది.

ముందు నవ్వు సంగతి. నీ జవాబుకు నవ్విన మాట నిజమే. కానీ వెంటనే మెంబరు గారు కంపెనీ వకీలును, "మీ సర్వే ఏ వేళ చేశారు?" అని అడిగారు. "పదకొండు నుంచి ఒంటి గంట వరకు" అన్నాడాయన. "ఆ వేళకు మా ఇంటికి వచ్చినా బీగమే ఉంటుంది. నన్నూ లేడని రాస్తారా?" అన్నారు మెంబరు గారు. రెండోసారి హాలంతా నవ్వింది, మొదటిసారి కన్నా గట్టిగా. ఆ నవ్వు నువ్వు వినలేదు.

తర్వాత తడి చెత్త సంగతి తీశారు. చెత్తలో నీళ్ళెంత, బొగ్గు ఎంత కలుపుతారు అన్నది అర్జీలో లేదని కంపెనీ ఒప్పుకుంది. ఆ లెక్క ఇచ్చేవరకు రేటు తేల్చేది లేదన్నారు. తంతి విషయంలో, ఒక ఆదివారం పొద్దున, లైనువాళ్ళు ఉండగా మళ్ళీ సర్వే చేయాలి, దిబ్బ వెనక దారి కూడా కొలవాలి అని ఆజ్ఞ రాయించారు. అరవై అయిదో పేరు ఎవరిదో తెలియలేదు కనుక దాన్ని వదిలేసి అరవై నాలుగూ లెక్కకు తీసుకున్నారు.

ఇక నేను తల దించుకున్న సంగతి. బంధువుల కేసు జరిగేటప్పుడు ముఖంలో ఏమీ కనిపించకూడదని జలజ మేడం ముందే హెచ్చరించి కూర్చోబెట్టారు. నువ్వు టోకెను సంగతి చెబుతుంటే నాకు తెలియకుండానే తల ఊపుతున్నాను. మేడం రెండుసార్లు మోచేత్తో పొడిచారు. మూడోసారి పొడిపించుకోలేక తల దించేశాను. సిగ్గుతో కాదు.

టేబుల్ మీద వదిలి వెళ్ళిన టోకెన్లు కవరులో వేసి సీలు చేశారు. వాటికి ఇప్పుడు నంబరు ఉంది. నేను వేయలేదు.

రత్న


ఏడో లైను
18 ఆగస్టు 2014

మా రత్నమ్మకు,

జాబు అయిదారు సార్లు చదివినాను. మోచేత్తో పొడిచిన తావు మీ అవ్వతో మూడు సార్లు చదివించుకున్నాను. ఆ జలజ మేడానికి నా నమస్కారం చెప్పు. తరువాతి సారి మెల్లగా పొడవమను.

నిన్న ఆదివారం సర్వే జరిగింది. పొద్దున ఆరున్నరకు సుధీంద్ర సారు, ఇంగ ముగ్గురు వచ్చినారు. లైనంతా వాకిట్లో నిలబడింది. చౌడప్ప బర్రెను కూడా కడిగి బొట్టు పెట్టి నిలబెట్టినాడు, లెక్కలో రాసుకోమని. రెండు వందల ఎనభై ఒక్క మంది తేలినారు. నేను మూడు నూర్లు అనుకుంటిని. ఇద్దరు పిల్లోళ్ళు గోడ ఎనకాల దాక్కున్నారు, వాళ్ళను కూడా లాక్కొచ్చి రాయించినాను. తరువాత దిబ్బ ఎనకాల కొలిచినారు. ఆ దారిలో ఒక టవరు ఎక్కువ పడతాది గానీ ఒక్క ఇల్లూ అడ్డం రాదని సుధీంద్ర సారే అందరి ముందర చెప్పి రాసినాడు. కమిషన్‌కు అట్లే పోతాది. ఫ్యాక్టరీ వస్తాదో రాదో, రేటు ఎంతో, మీవాళ్ళు తేల్చాల. తంతి మాత్రం మన నెత్తిమీద నుంచి పోదు అనిపిస్తాది.

ఇంగ ఒక మాట. నువ్వు భయపడి రాసిన జాబుకు జవాబు చెప్పకుండా దాటేసినాను. ఇప్పుడు చెప్పకపోతే మీ అవ్వ నా పేరుతో తనే రాసేట్టు ఉండాది.

అరవై అయిదో సంతకం సుధీంద్ర సారుది.

ఆ దినం ఆయన రాళ్ళు పాతను వచ్చినప్పుడు నేను బోర్డు చూపించి, "ఈడ టోకెను లేకుండా ఎవురూ లైనులోకి పోకూడదు సార్, రూలు" అన్నాను. గవుర్మెంటు రూలు అనుకున్నాడేమో, పుస్తకంలో గీకి, నేను ఇచ్చిన టోకెను జేబులో వేసుకున్నాడు. దాని మీద దొరసాని కుడి కన్ను ఉండాది. అంతవరకు సుమ్నే, ఊరికే తమాషా. పని అయినాక టోకెను తిరిగి ఇయ్యను ఈ పక్కకే వస్తా ఉంటే, ఆయన మేకు నిండకపోతే లైను మూయలేరు గదా అని నేనే ఎదురు పోయి, "బేతమంగళ బస్సు ఆ కొస నుంచి పోతాది సార్, ఇప్పుడే వస్తాది, పరిగెత్తండి" అని ఆ పక్కకు తరిమేసినాను. ఆ కొసలో బస్సు ఆగదు. ఎప్పుడూ ఆగలేదు. పాపం, ఎండలో మెయిన్ రోడ్డుదాకా నడిచినాడంట. నిన్న ఆయనే చెప్పినాడు.

కంపెనీవాళ్ళ వకీలు ఆ సంతకం తమ సర్వే సారుదేనని కనిపెట్టలేకపోయినాడు చూడు, దానికి నేను ఒక వారం నవ్వుకున్నాను. నీ జాబు చూసినాక నవ్వు ఆగిపోయింది. ఆ ఒక్క కన్నుతో అరవై నాలుగు ఇండ్లు పోయుంటే మీ అవ్వ నన్ను బతకనిచ్చేది కాదు. తప్పే.

నిన్న సర్వే అయినాక ఆయన పోతా పోతా జేబులో నుంచి తాళాల గుత్తి తీసినాడు. చూస్తే టోకెనుకు బెజ్జం వేసి గుత్తికి కట్టుకోనుండాడు. అది విప్పి, నేను ఆయనకని కొత్తగా కొట్టిన అరవై అయిదో మేకుకు ఆయనే తగిలించినాడు. నేను పుస్తకం తెరిచి, ఆయన పేరు పక్కన వచ్చిన తేదీ వేసినాను, ఆగస్టు 17. యాభై ఒక్క దినాలు కింద ఉండి పైకి వచ్చినాడు.

మీ అవ్వ టీ ఇచ్చింది. బిస్కెట్టు వద్దన్నాడు.

తాత